గుర్తులు కోసేసిన వైర్లు

మెట్ల కింద అలమర తలుపు తీయగానే, అందరూ 'పొడుగు' అని పిలిచే అతనికి అర్థమైపోయింది, ఇది బావ చేతి పని అని.

ఇంట్లోని ప్రతి గది నుంచీ గోడల లోపలగా వచ్చిన వైర్లన్నీ ఆ అలమరలోకే దిగుతాయి. హాలు, వంటిల్లు, భోజనాల గది, పైన పడకగదులు, ఇంటావిడ చదువుకునే గది, ఆఖరికి బట్టలుతికే వరండా కూడా. ఏ వైరు ఏ గదిదో దాని రెండు చివరలా తెల్ల టేపు చుట్టి, పెన్నుతో రాసి పెట్టుకోవడం ఈ పనిలో మొదటి పాఠం. ఆ పాఠం పొడుగుకి చెప్పింది బావే. ఇప్పుడు ఒక్క వైరుకీ టేపు లేదు. ఊడిపోయినట్టు లేదు, పీకేసినట్టూ లేదు. టేపు చుట్టిన చోటికి కిందా మీదా చూడకుండా వైరునే కత్తిరించి పారేసినట్టున్నారు. అన్నీ ఒకే పొడవున, ఒకే ఏటవాలుగా తెగి, దువ్వని జుట్టులా వేలాడుతున్నాయి.

"దొంగ వెధవ," అన్నాడు పైకే.

వెనకాల నిలబడ్డ ఇంటావిడ, "ఎవరిని?" అంది.

"వైరుని మేడమ్."

ఆవిడ చెవి డాక్టరు. పగలంతా క్లినిక్కులో రోగుల చెవుల్లోకి చూస్తూ, వాళ్ళకి వినపడేలా గట్టిగా మాట్లాడి మాట్లాడి, మామూలుగా పలకరించినా దెబ్బలాడుతున్నట్టే ఉంటుంది. వచ్చే వారం భర్తతో, పిల్లలతో ఈ కొత్త ఇంట్లోకి దిగుతోంది. ఆమెకి కావలసిందల్లా ఒకటే: హాల్లో మొదలైన పాట తను వంటింట్లోకి నడిస్తే వంటింట్లో, మేడెక్కితే మేడ మీద వినపడాలి. టీవీలన్నీ మెట్ల కింద పెట్టిన ఒకే పెట్టె నుంచి నడవాలి. ప్రతి గదిలో గోడ మీద ఒక మీట ఉండాలి, అంతే. పైకి ఒక్క వైరూ కనపడకూడదు.

"ముందు పనిచేసినాయనతో ఏదో మాటా మాటా వచ్చింది. మధ్యలో వదిలేసి పోయాడు," అంది. "మీరు ఎన్నాళ్ళు చేస్తారు?"

"చూడాలి మేడమ్."

"చూడటం కాదు, చెయ్యడం గురించి అడుగుతున్నా."

బావ అంటే పొడుగు అక్క మొగుడు. చదువు ఒంటబట్టక వీధులు కొలుస్తున్న పొడుగుని వెంట తిప్పుకుని పని నేర్పినవాడు. 'స్టూలెక్కితే చాలు, వీడికి సీలింగు అందుతుంది' అని ఆ పేరు పెట్టినవాడూ ఆయనే. కొన్నేళ్ళు కలిసి చేశారు. తర్వాత పొడుగు విడిపోయి, రెండు వీధుల అవతల సొంత షాపు తెరిచాడు. అంతవరకూ బావ ఓర్చుకున్నాడు. కానీ స్పీకర్లూ యాంప్లిఫయర్లూ అమ్మే పెద్ద డీలరు, అన్నాళ్ళూ పెద్ద ఇళ్ళ పనులన్నీ బావకే ఇస్తూ వచ్చినవాడు, ఉన్నట్టుండి ఆయన్ని పక్కనబెట్టి పొడుగుని పిలవడం మొదలుపెట్టాడు. కారణం డీలరు చెప్పలేదు. బావ అడగలేదు. అప్పటినుంచి బావాబావమరుదుల మధ్య మాటల్లేవు.

ఈ ఇల్లు మాత్రం కాంట్రాక్టరు ద్వారా బావకి వచ్చిన పని. గోడలు లేస్తుండగానే వైర్లు లాగింది ఆయనే. ఆయన వదిలేసి పోయాక డాక్టరమ్మ డీలరుకి ఫోను చేస్తే, డీలరు పొడుగుని పంపాడు. ఇది ఎవరి పనో పొడుగుకి తెలుసు. తెలిసే ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటున్నప్పుడు లోపలెక్కడో కాస్త హాయిగా కూడా అనిపించింది. ఆ హాయంతా ఇప్పుడు అలమరలో వేలాడుతోంది.

వైరు ఏ గదిదో కనిపెట్టడానికి ఒక దారి ఉంది. గదిలో సీలింగు కన్నం నుంచి వేలాడే వైరు పోగులు రెండూ కలిపి ముడేసి, కిందికొచ్చి, అలమరలో ఒక్కో వైరునీ మీటరుతో తాకుతూ పోవాలి. ముడేసిన వైరు తగలగానే మీటరు కుయ్యిమంటుంది. దానికి టేపు చుట్టి, మళ్ళీ మేడెక్కి, ఆ ముడి విప్పి, పక్కదానికి వేయాలి. ఇద్దరుంటే గంటల పని. ఒక్కడైతే మెట్ల పని. కింది గదులు ముగిసేసరికే పొడుగు మోకాళ్ళు పట్టేశాయి. మెట్టు మెట్టుకీ బావని తిట్టుకున్నాడు. తిట్లు అయిపోతే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.

సాయంకాలానికి అసలు సంగతి తెలిసింది. డాక్టరమ్మ చదువుకునే గదిలో సీలింగు తెల్లగా, నున్నగా, అద్దంలా ఉంది. కన్నం లేదు, వైరు లేదు.

"నేను అందరికన్నా ఎక్కువసేపు ఉండేది ఆ గదిలోనే," అంది డాక్టరమ్మ.

"వైరు లాగే ఉంటాడు మేడమ్. పైన కప్పేశారు. ఎక్కడుందో ఆయనకే తెలియాలి. మా బావ కావాలనే..."

నోరు జారింది.

"మీ బావా?" ఆవిడ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుంది. "అంటే ముందు చేసినాయన మీ బావ. ఆయన పోతూ పోతూ ఇలా చేశాడు. మీరు తెలిసే వచ్చారు. మీ ఇంట్లో పడాల్సిన గొడవ తెచ్చి నా గోడల్లో పెట్టారన్నమాట!"

పొడుగు ఏదో అనబోయాడు. ఆవిడ అప్పటికే ఫోను తీసింది. బావ ఎత్తాడు. ఈవిడ గొంతే వినపడింది గాని అవతలి మాట వినపడలేదు.

"రేపు పొద్దున మీరు రావాలి. రాకపోతే ఆ సీలింగంతా పగలగొట్టిస్తాను. ఎందుకు పగలగొట్టించానో మీ కాంట్రాక్టరుకి చెప్తాను. ఆయన ఇంకో నలుగురికి చెప్తాడు. ఇక మీ ఇష్టం."

మర్నాడు పొద్దున బావ వచ్చాడు. ఒక్కడే రాలేదు, వెనక అక్క. పొడుగు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. బావ అతన్ని తలుపు చెక్కని చూసినట్టు చూసి, పక్కనుంచి లోపలికి వెళ్ళిపోయాడు.

"నువ్వెందుకొచ్చావే?" అన్నాడు పొడుగు.

"మీ ఇద్దర్నీ ఒక ఇంట్లో వదిలితే తలలు పగులుతాయి. డాక్టరు ఉంది గాని, ఆవిడ చెవులకే చూస్తుందిట," అంది అక్క. మొహంలో నవ్వు లేదు.

బావ మేడ మీద గదుల్లోకి, పొడుగు మెట్ల కింద అలమరలోకి. అక్క మెట్ల మలుపులో చతికిలబడింది. ఇంట్లో ఇంకా సామాను రాలేదు. ఎవరేం మాట్లాడినా గోడలు రెండుసార్లు పలుకుతున్నాయి. బయట గేటు దగ్గర ఎవరో ఇనప ఊచలు కోసే మిషను తిప్పుతున్నారు. అది ఆగినప్పుడల్లా చెవులు గింగురుమంటున్నాయి.

"మీ ఆయన ఏ గదిలో ఉన్నాడో అడుగు," అన్నాడు పొడుగు.

"ఏ గదిలో ఉన్నారండీ?"

"పెద్ద పడకగది. మీ తమ్ముడికి కళ్ళు లేవా అని అడుగు."

"పెద్ద పడకగదిట. నీకు కళ్ళు లేవా అంటున్నారు."

"నాకున్నాయి, గోడకే లేవని చెప్పు."

మీటరు కుయ్యిమంది. టేపు చుట్టి పేరు రాశాడు. ఇంకోటి. ఇంకోటి. పని నడుస్తోంది, తిట్లూ నడుస్తున్నాయి. మొదట అక్క వాటిని ఉన్నదున్నట్టు అటూ ఇటూ మోసింది. కాసేపటికి విసుగొచ్చి తనే కత్తిరించడం మొదలుపెట్టింది.

"గురువుకి పంగనామం పెట్టిన వెధవకి మీటరు పట్టుకోవడమైనా గుర్తుందా అని అడుగు," అని పైనుంచి.

"తర్వాతది చూడమంటున్నారు," అని అక్క.

"నేను విన్నానులే," అని కిందనుంచి పొడుగు. "టేపులు కోసుకు బతికేవాడు నాకు చెప్పక్కర్లేదను."

"దొరికిందిట," అని అక్క పైకి.

పిల్లల గది వైరు దగ్గర పని ఆగింది. మీటరు కుయ్యిమంది, పొడుగు గుర్తు పెట్టాడు, ముడి విప్పమన్నాడు. అక్క పైకి చెప్పింది. జవాబు లేదు. మళ్ళీ చెప్పింది. గేటు దగ్గర మిషను హోరు. పైన బావ గోడవైపు తిరిగి, ఎడమ భుజం గుమ్మానికి పెట్టి, స్టూలు మీద అలాగే నిలబడ్డాడు. పక్క వైరుకి మీటరు పెడితే పలకదు, పాతదే కూస్తోంది. వంగి వంగి పొడుగు నడుము పడిపోతోంది. అలమరలోంచి బయటికి పాక్కుంటూ వచ్చి, మెట్ల మొదట్లో నిలబడి, ఉన్న ఊపిరంతా పెట్టి అరిచాడు.

"ఎన్నిసార్లు చెప్పాలి? వినపడే చెవి ఇటు తిప్పమను!"

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర మిషను ఆగింది. ఆ మాట ఖాళీ ఇంట్లో గది గదికీ తిరిగింది.

అక్క నెత్తిన పిడుగు పడ్డట్టు తమ్ముడి వంక చూసింది. బావ స్టూలు దిగి మేడ మీద కటకటాల దగ్గరికి వచ్చాడు.

"ఏమన్నాడు వాడు?"

బావ కటకటాల మీంచి ముందుకి వంగాడు.

"ఏమన్నావురా?" ఏడాది పైబడ్డాక బావ నేరుగా పొడుగుతో అన్న మొదటి మాట అది.

"ఏమీ అనలేదు."

"వినపడే చెవి అన్నావు. అంటే ఇంకోటి వినపడదని నీకెవరు చెప్పారు?"

అరుపులకి డాక్టరమ్మ హాల్లోంచి వచ్చింది. విషయం ఆమెకి వింతగా తోచనే లేదు.

"దీనికింత రాద్ధాంతమెందుకు? నేను మొదటి రోజే కనిపెట్టాను. నేను ఎటు నిలబడితే అటు మీరు కుడి చెవి తిప్పుతారు. ఎడమ చెవి వినపడటం లేదు, ఒకసారి పరీక్ష చేయించుకోండి అని మంచికి చెబితే, కటింగ్ ప్లేయరు పట్టుకుని నా మీదకి లేచారు."

"రంగులేసేవాళ్ళందరి ముందూ చెప్పారు మేడమ్," అన్నాడు బావ. "ఆ రంగులవాళ్ళు ఇంకో పది ఇళ్ళకి పోతారు. స్పీకర్లు పెట్టేవాడు చెవిటివాడని తెలిస్తే నన్నెవడు గుమ్మం ఎక్కనిస్తాడు?"

ఆ సంగతి డాక్టరమ్మకి అప్పటిదాకా తట్టినట్టు లేదు.

బావ భార్య వైపు తిరిగాడు. "నువ్వే చెప్పావు."

"చెప్పాను," అంది అక్క. గొంతు సన్నగా ఉంది. "వాడొక్కడికే చెప్పాను. భయమేసి చెప్పాను. మీరు ఎవరికీ చెప్పొద్దన్నారు, నాకు నిద్ర పట్టేది కాదు. తమ్ముడు కదా, మీ పక్కనే పనిచేస్తాడు కదా, కాస్త కనిపెట్టుకుని ఉంటాడని చెప్పాను."

అని, తను అన్న మాట తనకే ఏదో గుర్తు చేసినట్టు ఆగిపోయింది. మెల్లగా లేచి, ఒక్కో మెట్టూ దిగి, తమ్ముడికి ఎదురుగా నిలబడింది.

"ఒరేయ్. డీలరుకి ఎవరు చెప్పార్రా?"

"ఏ డీలరు?" అన్నాడు పొడుగు. అంత తెలివితక్కువ మాట జీవితంలో ఇంకోటి ఆడలేదని ఆ నోట్లోంచి వచ్చేటప్పుడే తెలిసింది.

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

చూడలేక కోపం తెచ్చుకున్నాడు. "అబద్ధం చెప్పానా? నిజమే కదా! అవతలివాడు లక్షలు పోసి పాట వినడానికి పెట్టించుకుంటాడు. కుడీ ఎడమా తెలియనివాడు పెడితే ఎలా? నేను కాకపోతే ఇంకొకడు చెప్పేవాడు."

"ఇంకొకడికి తెలీదురా. నీకే తెలుసు. నేను ఏడ్చుకుంటూ చెప్పుకున్నది పట్టుకెళ్ళి నువ్వు బజార్లో పెట్టావు."

"అక్కా..."

"ఆ పిలుపు వద్దు." చెయ్యెత్తింది, కొడుతుందనుకుని పొడుగు కళ్ళు మూసుకున్నాడు. కొట్టలేదు. అతని చేతిలో మీటరు లాక్కుని మెట్టు మీద పెట్టింది. "మా గుమ్మం తొక్కకు. నేను చస్తే కూడా ఫోను చేసి కనుక్కో, రాకు."

పైకి తలెత్తి మొగుడితో అంది: "నాది తప్పే. ఇంటికొచ్చాక మీ ఇష్టం వచ్చినట్టు అనండి, పడతాను. వీడి ముందు మాత్రం ఒక్క మాట అనకండి."

అక్క వెళ్ళిపోయింది. గేటు తీసిన చప్పుడు వినపడింది గాని వేసిన చప్పుడు వినపడలేదు.

డాక్టరమ్మ గడియారం చూసుకుంది. "నాకు క్లినిక్కు టైమైంది. సాయంత్రానికి నా గదిలో పాట వినపడాలి. మీరిద్దరూ కొట్టుకుంటారో, కావలించుకుంటారో నాకనవసరం." గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, మొదటిసారి కాస్త తగ్గించిన గొంతుతో బావతో అంది: "ఆ రంగులవాళ్ళ ముందు అనకుండా ఉండాల్సింది."

బావ వెనక్కి తిరిగి గదిలోకి పోయాడు.

ఇంట్లో ఇద్దరే మిగిలారు. మధ్యలో మాటలు మోసే మనిషి లేదు. చివరికి పైనుంచి, "ముడేశా," అని వినపడింది. పొడుగు అలమరలోకి దూరాడు. "దొరికింది." "విప్పేశా." "ఊఁ." తిట్లు లేవు. తిట్లున్నప్పుడే నయమనిపించింది పొడుగుకి.

ఆఖరి వైరు దగ్గర ఉండబట్టలేక అడిగేశాడు. "టేపులెందుకు కోశావు? ఆవిడ మీద కోపమైతే ఆవిడ మీద చూపించుకోవాలి."

"ఆవిడ డీలరుకి ఫోను చేస్తుంది. డీలరు నిన్ను పంపుతాడు. ఆ మాత్రం నాకు తెలుసు," అన్నాడు బావ. "నీకోసమే కోశా."

చదువుకునే గదిలో బావ కిటికీ అంచు నుంచి జానలు కొలిచి, పెన్సిలుతో సీలింగు మీద గుర్తు పెట్టబోతే చెయ్యి అందలేదు. పెన్సిలు చాపాడు. పొడుగు అందుకుని స్టూలెక్కి, చెప్పిన చోట గీసి, రంపంతో గుండ్రంగా కోశాడు. మొహం నిండా తెల్లటి పొడి రాలింది. లోపల చెయ్యి పెట్టి వెతికాడు. ఏమీ లేదు.

"లేదు."

"ఉంటుంది. ఇక్కడే వదిలాను."

"వదిలావో, దాచావో."

బావ స్టూలు కాలు పట్టుకుని ఒక్క ఊపు ఊపాడు. పొడుగు కింద పడబోయి గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు. రంపం నేల మీద పడి గంతులేసింది. ఇద్దరూ దాని వంక చూశారు గాని ఎవరూ వంగలేదు.

"పక్కకి చెయ్యి పోనీ," అన్నాడు బావ, ఏమీ జరగనట్టు. "సీలింగు పలకలు బిగించినవాళ్ళు అడ్డమని మడిచి తోసేసి ఉంటారు."

పొడుగు మోచేతి దాకా దూర్చాడు. చుట్టలా మడిచిన వైరు వేళ్ళకి తగిలింది. లాగితే పొడితో సహా జలజలా దిగింది. చివర తెల్ల టేపు అలాగే ఉంది. 'డాక్టరమ్మ గది' అని బావ గుండ్రటి అక్షరాలు. ఇదొక్కటే ఆయన కత్తికి అందలేదు.

"దాచానా?" అన్నాడు బావ.

పొడుగు వైరు మీది పొడి దులిపాడు.

మధ్యాహ్నం దాటాక అన్ని గదుల్లోనూ స్పీకర్లు బిగించారు. టీవీలు వెలిగాయి. యాంప్లిఫయర్ని ఆన్ చేసి, మీట నొక్కితే హాల్లో పాట వంటింట్లోకి, వంటింట్లోంచి మేడ మీదికి జారింది. ఇక మిగిలింది చదువుకునే గదిలో కుడీ ఎడమా సరిచూడటం. ఆవిడ కుర్చీ ఎక్కడ పడుతుందో అక్కడ ఖాళీ స్టూలు వేసి, బావ దాని మీద కూర్చున్నాడు. పాట పెట్టాడు. తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. పొడుగు చూస్తుండగానే, దాచుకోకుండా తిప్పాడు.

"ఎడమది మోగుతోందో లేదో నాకు తెలియదు. లేచి నువ్వు కూర్చో," అన్నాడు.

పొడుగు కూర్చున్నాడు. ఎడమ వైపు కాస్త బరువుగా ఉంది.

"ఎడమ ఎలా ఉందిరా?"

ఆ ప్రశ్న పొడుగుకి పాతదే. పని నేర్చుకునే రోజుల్లో ప్రతి ఇంట్లోనూ బావ ఇదే స్టూలు మీద తనని కూర్చోబెట్టి, ఇదే గొంతుతో, ఇదే అడిగేవాడు. తను చెబితే తల పంకించి, మీట కొద్దిగా తిప్పేవాడు. పరీక్ష పెడుతున్నాడనుకునేవాడు పొడుగు. జవాబు సరైనదా కాదా అని బావ మొహం వంక చూసేవాడు.

"అప్పటికే వినపడేది కాదా?" అన్నాడు.

"నిన్ను పనిలో పెట్టుకుంది ఎందుకనుకున్నావు? స్టూలెక్కడానికా?"

"బావా, డీలరు దగ్గర నేను..."

"ఆ మాట ఎత్తావంటే ఈ స్టూలు నీ నెత్తిన పగులుతుంది. ఎడమ ఎలా ఉంది?"

"కొంచెం తగ్గించాలి."

బావ తగ్గించాడు.

డాక్టరమ్మ వచ్చి గది గదీ తిరిగి విన్నది. వరండాలో గట్టిగా ఉందంది, వంటింట్లో మీట ఎత్తుగా పెట్టారంది, చదువుకునే గదిలో ఏమీ అనలేదు. బావ సంచి సర్దుకుని, పొడుగు వంక చూడకుండా వెళ్ళిపోయాడు.

తర్వాత ఒకరోజు పొడుగు డీలరు దగ్గరికి వెళ్ళి, పెద్ద పనులు మళ్ళీ బావకి ఇవ్వమని అడిగాడు. "నువ్వే కదయ్యా వద్దన్నావు?" అని డీలరు నవ్వాడు. "ఇప్పుడు చెవి మొలిచిందా?" పొడుగు షాపు అద్దం మీద చేత్తో కొట్టి వచ్చేశాడు. అద్దం పగల్లేదు గాని, డీలరు పనులు పొడుగుకీ తగ్గాయి. బావ మాత్రం అక్క పోరు పడలేక డాక్టరమ్మ క్లినిక్కుకి వెళ్ళాడని, ఎడమ చెవిలో మిషను పెట్టించుకున్నాడని, అది గరగరమంటోందని రోజూ డాక్టరమ్మతో దెబ్బలాడుతున్నాడని కాంట్రాక్టరు చెప్పాడు.

పొడుగు రెండుసార్లు అక్క ఇంటికి వెళ్ళాడు. మొదటిసారి తలుపు తీయలేదు. రెండోసారి తీసి, అతన్ని చూసి, మళ్ళీ వేసింది.

బావ మాత్రం అప్పుడప్పుడూ ఫోను చేస్తాడు. ఎత్తయిన సీలింగులున్న ఇల్లు దొరికినప్పుడు, ఒక్కడివల్ల కానప్పుడు. బాగున్నావా అని అడగడు. మొన్న అలాగే చేసి, "ఎల్లుండి ఖాళీయేనా? ఎత్తు స్టూలు నువ్వే తెచ్చుకో," అన్నాడు.

"తెస్తాను," అన్నాడు పొడుగు. "అక్క..."

బావ ఫోను స్పీకరులో పెట్టినట్టున్నాడు, అవతల గిన్నెల చప్పుడు ఆగింది. అక్క గొంతు ఫోనుకి దూరంగా, కానీ వినపడాలనే వినపడింది.

"పని గురించైతే మాట్లాడండి. ఇంకేమైనా అడిగితే పెట్టేయండి."

"ఎల్లుండి పొద్దున్నే రా," అన్నాడు బావ. "హాలు పెద్దది, వైరు ఎక్కువ పడుతుంది."

"ఎంత తెమ్మంటావు?" అన్నాడు పొడుగు. ఇద్దరూ వైరు గురించి మాట్లాడుకున్నారు.